కోటగుమ్మం పునాది గోతిలో నూతి ఒరలు: ఊరి కింద ఉన్న ఊరిని ఎవరు చూడాలి?

కోటగుమ్మం కుర్రాడు:

సభ్యులందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉన్న పాత పెంకుటింటిని పడగొట్టి, సెల్లారుతో సహా ఐదంతస్తుల మేడ కట్టడానికి పది రోజులుగా తవ్వుతున్నారు. నిన్న సాయంత్రం పని నుంచి వస్తూ అలవాటుగా గోతిలోకి తొంగిచూశాను. పొక్లెయిన్ పక్కమట్టిని నిలువునా కోసిన చోట, కోసిన పనసకాయలో తొనలు కనబడినట్టు, ఒకదానిమీద ఒకటిగా ఐదు కాల్చిన మట్టి ఒరలు (నూతి పక్కలు కూలకుండా దింపే చుట్లు) సగానికి తెగి కనిపించాయి. ఒక్కొక్కటి జానెడున్నర ఎత్తు ఉంటుంది. మొదటి ఒర రోడ్డు మట్టానికి సుమారు ఐదడుగుల కింద ఉంది. చివరిది సుమారు తొమ్మిదడుగుల లోతున గోతి అడుగులోకి దిగిపోయి ఉంది. చుట్టూ బూడిద రంగు మట్టి, పెంకు ముక్కలు, రెండు మూడు చోట్ల బొగ్గు చార కూడా ఉన్నాయి.

దగ్గరికి వెళ్లబోతే అక్కడి మేస్త్రీ, "పాత నుయ్యండి బాబూ, పక్క జారిపోద్ది, రాకండి" అని వారించాడు. స్థలం యజమాని మాకు బాగా తెలిసినవారే. ఫోన్ తీసి ఫొటో తీయబోతే మాత్రం, "ఎవరికైనా పంపావంటే పని ఆపేస్తారు, నా అప్పుకి వడ్డీ ఎవరు కడతారు?" అని అడిగారు. ఆయన అడిగినదానిలో తప్పు ఉందని నాకు అనిపించలేదు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఇటువంటి వాటిని ఎవరికి చెప్పాలి? చెబితే నిజంగానే పని ఆగిపోతుందా? ఇంతకీ ఆ నుయ్యి ఏ కాలానిది?

శాసనాల పిచ్చి:

మీరు అదృష్టవంతులు. మట్టి ఒరల నూతులు మన దేశంలో క్రీస్తుశకానికి ముందునుంచే ఉన్నాయి. ఆంధ్రదేశంలో శాతవాహనుల నాటి ఊళ్లు తవ్విన చోట్ల అవి బయటపడ్డాయి. తొమ్మిదడుగుల లోతున ఉందంటే అది తప్పకుండా శాతవాహనుల నాటిదే అయి ఉండాలి. పిఠాపురం దగ్గర కొడవలిలో శాతవాహన రాజు చండసాతి శాసనం ఉంది. కోనసీమలో ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉంది. వీటి నడుమ ఉన్న రాజమహేంద్రి మాత్రం రాజరాజనరేంద్రుడు వచ్చి కట్టేదాకా అడవిగా ఉందంటే నమ్మశక్యం కాదు. దయచేసి ఆ పని ఆపించండి.

గట్టుమీద మాస్టారు:

శాసనాల పిచ్చి గారి ఉత్సాహం నాకు నచ్చింది, నిర్ణయం మాత్రం నచ్చలేదు. లోతు వేరు, కాలం వేరు. కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పి నేను విద్యార్థుల బుర్రలోకి పూర్తిగా ఎక్కించలేకపోయినది ఈ ఒక్క మాటే.

నుయ్యి అంటేనే పైనుంచి కిందికి తవ్వినది. అడుగున ఉన్న ఒర తొమ్మిదడుగుల లోతున ఉండటానికి కారణం, దాన్ని దింపినవాడు తొమ్మిదడుగులు తవ్వడమే. అతడు ఏ నేల మీద నిలబడి తవ్వడం మొదలుపెట్టాడో, ఆ నేల నూతి కాలాన్ని చెబుతుంది. కాబట్టి గోతి పక్కమట్టిలో చూడవలసింది ఒరలను కాదు, నూతి కోసం తవ్విన గుంత అంచు ఎంత ఎత్తు వరకు కనిపిస్తున్నదీ, ఆ అంచును ఏ పొర కప్పేసిందీ అన్నది. ఆ పై పొరలో సిమెంటు పెచ్చులు ఉంటే నిన్నమొన్నటిదాకా వాడిన నుయ్యి. డంగుసున్నపు పెచ్చులు, మంగళూరు పెంకు ముక్కలు ఉంటే మన తాతల నాటిది. అవేవీ లేకుండా పై పొర చెక్కు చెదరకుండా ఉంటేనే అంతకన్నా పాతది కావడానికి అవకాశం ఉంటుంది. మట్టి ఒరలను శాతవాహనుల కాలంలో వాడారు నిజమే, కానీ సిమెంటు ఒరలు వచ్చేవరకూ మన కుమ్మరులు వాటిని చేస్తూనే ఉన్నారు.

పట్టణంలో తవ్వకం పల్లెలో దిబ్బ తవ్వినంత సుఖంగా ఉండదు. ఒకే స్థలంలో ఒకడు ఇల్లు కట్టుకుంటాడు, ఇంకొకడు దాన్ని పడగొట్టి ఇటుకలు ఏరుకుంటాడు, మరొకడు చెత్తగుంత తవ్వుతాడు. చెత్తగుంత అడుగున పడిన పింగాణీ ముక్క, దానికంటే వెయ్యేళ్లు పాతదైన మట్టి పక్కన చేరి కూర్చుంటుంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. మన వైపు గోదావరి పెద్ద వరద వచ్చి ఒండ్రు పరిచిన చోట, జానెడు మందాన పెంకు ముక్కైనా లేని శుభ్రమైన పొర కనిపిస్తుంది. ఆ పొరలో ఏమీ దొరకదు కనుక ఎవరూ దాన్ని పట్టించుకోరు. నిజానికి ఊరి చరిత్రలో అదొక సంవత్సరపు కష్టం.

ఇక ఊరి వయసు విషయం. 'రాజమహేంద్ర' బిరుదు 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడికంటే ముందే, 10వ శతాబ్దపు వేంగీ చాళుక్య రాజు అమ్మరాజుకు ఉంది. మెయిన్ రోడ్డు మసీదు ద్వారం మీది పారశీక శాసనం 1324 నాటిది. అది ఘియాసుద్దీన్ తుగ్లక్ పాలనాకాలం. ఆ తరువాత రెడ్డి రాజులు, గజపతులు, కుతుబ్షాహీలు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు వరుసగా ఇక్కడ కూర్చున్నారు. ఇంతమంది కూర్చున్న ఊరిలో మనకు నిలిచి ఉన్న కోట లేదు, కోటగుమ్మం అనే పేరు మిగిలింది. గుమ్మం కూడా లేదు, దాని పేరు మీద ఆటోలు ఎక్కుతున్నాం. ఇటువంటి ఊరికి ప్రతి పునాది గొయ్యీ చదవవలసిన పుటే. తవ్వినవాడే చింపి పారేస్తాడు కనుక, ఆ చదవడమేదో ఆ ఒక్కసారే చదవాలి.

పునాది:

నేను ఇరవై ఏళ్లుగా ఉభయగోదావరి జిల్లాల్లో భవన నిర్మాణ పనులు చేయిస్తున్న సైట్ ఇంజినీరును. మాస్టారి మాటలు చదువుతుంటే, నా చేతుల మీదుగా ఎన్ని పుటలు చిరిగిపోయాయో గుర్తుకు వచ్చి కాస్త ఇబ్బందిగానే ఉంది.

అయితే యజమాని భయాన్ని తక్కువ చేయకండి. సెల్లారు గొయ్యి తవ్వి వదిలేస్తే ఒక్క వానకు పక్కింటి గోడ జారుతుంది. పొక్లెయిన్ గంటల లెక్కన అద్దె తీసుకుంటుంది, టిప్పర్లు ట్రిప్పుల లెక్కన తిరుగుతాయి. ఈ లెక్కల మధ్య నుయ్యి కనబడితే మేస్త్రీ చేసే పని ఒక్కటే: రెండు బకెట్లు ఎక్కువ తవ్వించి సాయంత్రానికల్లా దాన్ని కనబడకుండా చేయడం.

చట్టం సంగతి నాకు తెలిసినంతలో చెబుతాను. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వంద ఏళ్లు దాటిన ప్రాచీన వస్తువుల అమ్మకాలు, ఎగుమతులు 1972 నాటి చట్టం కిందికి వస్తాయి. కేంద్రం రక్షించే కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధమనీ, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలనీ 2010లో చేసిన సవరణ చెబుతోంది. ఈ మూడింటిలో ఏదీ, రక్షిత కట్టడానికి దూరంగా ఉన్న సొంత స్థలంలో పెంకు ముక్కలూ నూతి ఒరలూ కనబడితే ఎవరో ఒకరు వచ్చి చూసి రాసుకోవాలని చెప్పదు. బంగారం దొరికితే చట్టం ఉంది. కుండపెంకు దొరికితే మేస్త్రీ దయ.

కుర్రాడి గారికి నా సలహా ఏమిటంటే, పని ఆపమని అడగకండి. రెండు గంటలు అడగండి. తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది వరకు యంత్రం ఎటూ రాదు. యజమానికి ఆ మాట చెప్పి, మెట్లు దిగడానికి మేస్త్రీ సాయం తీసుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని వెళ్లండి. పక్కమట్టికి ఆరడుగుల లోపు మాత్రం నిలబడకండి, ఇది వేడుక కాదు.

లంకవాసి:

పట్టణాల గురించి మాట్లాడుకుంటున్న చోట పల్లెటూరి రైతు మాట అడ్డం వస్తున్నందుకు మన్నించండి. పునాది గారు టిప్పర్ల మాట ఎత్తారు కనుక రాస్తున్నాను.

మా నాయనగారి కాలంలో కొబ్బరితోటకు, అరటికి పాటిమన్ను తోలించేవారు. పాటి అంటే పూర్వం ఊరు ఉండి పాడుపడిన చోటు. అక్కడి మట్టి నల్లగా, బూడిదతో కలిసి, బలంగా ఉంటుంది. బండికి ఇంత అని పాటిదిబ్బలను తవ్వుకునేవారు. నా చిన్నతనంలో ఆ మట్టిలో ఏరిన శంఖు గాజుల ముక్కలతో అచ్చంగాయలు ఆడుకున్నాం. మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న పెద్ద ఇటుకలు వచ్చేవి. వాటిని పశువుల పాకలో పరిచేవాళ్లు. మా పాకలో ఇప్పటికీ నాలుగు ఉన్నాయి, గేదె వాటి మీదే పడుకుంటుంది. ఆ ఇటుకల వయసు నాకు ఆదుర్రు స్తూపం చూడటానికి వెళ్లినప్పుడు అర్థమైంది. అక్కడివీ ఇదే కొలత.

ఇప్పుడు రసాయన ఎరువులు వచ్చాక పాటిమన్నును చేలకు తోలేవారు లేరు. అయినా దిబ్బలకు కష్టం తప్పలేదు. డెల్టాలో ఇంటి స్థలం అంటే ముందు పల్లపు చేను కొని మెరక చేయాలి. మెరకకు మట్టి కావాలి. ఊరికి దగ్గరగా, ఎత్తుగా, పంట పండకుండా పడి ఉన్న దిబ్బ కంటే సులువైన మట్టి ఎక్కడ దొరుకుతుంది? పూర్వం ఎడ్లబండి ఏడాదికి తీసినది ఇప్పుడు జేసీబీ పూటలో తీస్తుంది. మీ పట్టణంలో ఒక పొర మీద ఇంకొక పొర పడుతుంది, మా వైపు ఒక కాలం ఊరంతా లేచి వెళ్లి ఇంకొక కాలనీ కిందకు చేరుతుంది. రేపు ఎవరైనా ఆ కాలనీలో తవ్వి, "ఇక్కడ శాతవాహనుల ఊరు ఉండేది" అని రాస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

గట్టుమీద మాస్టారు:

లంకవాసి గారూ, మీరు అడ్డం రాలేదు, అసలు విషయంలోకి తెచ్చారు. డెల్టాలో రాయి లేదు. ధవళేశ్వరం కొండ దాటితే సముద్రం దాకా ఒండ్రే. కాటన్ దొర ఆనకట్టకు రాయి ఆ కొండ నుంచే తీశారు. రాయి లేని చోట ఇటుకే బంగారం, అందుకే పాత ఇటుకను ఎవరూ భూమిలో ఉండనివ్వలేదు. కృష్ణాతీరంలోని అమరావతిలో 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు మహాస్తూపపు దిబ్బకు పట్టిన గతి కూడా ఇదే. మనవాళ్లు పాతదాన్ని ద్వేషించి పాడుచేయలేదు, వాడుకుని పాడుచేశారు. రెండింటికీ మందు వేరు.

మీ పాకలోని ఇటుకల పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో కొలిచి ఇక్కడ రాయండి. గేదెను లేపనక్కరలేదు, అది మేతకు వెళ్లినప్పుడు కొలవండి.

రేవు పక్క:

నాది నరసాపురం. మా దగ్గర మట్టి తవ్వేవాడి కంటే గోదావరే ఎక్కువ తవ్వేసింది. ఇంగ్లీషువారు 17వ శతాబ్దంలో వర్తకశాల పెట్టిన మాధవాయిపాలెం పేరు మీద ప్రపంచమంతటా ఒక రకం నూలుబట్టకు మాదపోలం అనే పేరు స్థిరపడింది. ఆ వర్తకశాల ఉన్న చోటును నది కోసుకుపోయింది. పేరు మాత్రం బట్టల నిఘంటువుల్లో ఉంది. పాలకొల్లులో డచ్చివారి సమాధులు ఉన్నాయి, 17వ శతాబ్దపు రాతలతో సహా. క్షీరారామం చూడటానికి వచ్చే వేలమందిలో వాటిని అడిగి చూసేవారు ఎందరో నాకు అనుమానమే. కోరంగి రేవు 1839 తుపానుతో దెబ్బతిని మళ్లీ కోలుకోలేదు. డెల్టాలో పట్టణ పురావస్తు పరిశోధన అంటే సగం నీళ్లలోనూ ఒండ్రులోనూ వెతకడమే.

మండువా లోగిలి:

ఇంతవరకు అందరూ భూమి కింద ఉన్నదాని గురించే రాశారు. భూమి పైన ఉన్నదాని గురించి, అందులో కాపురం ఉంటున్న మనిషిగా నేను రాస్తాను. నా మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

మాది నూట ఇరవై ఏళ్ల మండువా ఇల్లు. మా ఊరి ఆలయం కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం, మా ఇల్లు దానికి 100 మీటర్ల లోపల ఉంది. నడిమింటి దూలం చెదపట్టి వంగిపోయింది. వానాకాలంలో మండువాలో పడవలసిన నీళ్లు మా మంచాల మీద పడుతున్నాయి. మరమ్మతు చేసుకోవడానికి అనుమతి ఇవ్వవచ్చునని చట్టంలోనే ఉంది. అనుమతి కోసం మేము పెట్టుకున్న అర్జీ రెండేళ్లు తిరిగింది. ఒకసారి నక్షా సరిగా లేదన్నారు. మరొకసారి ఇల్లు 1992కు ముందుదని రుజువు కావాలన్నారు. గోడ మందం రెండడుగులు ఉంది, సున్నంతో కట్టినది, దూలం మీద మా ముత్తాతగారి పేరు చెక్కి ఉంది. అయినా కాగితం కావాలి. చివరికి మా వారు విసిగిపోయి పైన రేకులు కప్పించారు. ఇప్పుడు ఆ ఇంటిని చూస్తే ఆలయం పక్కన గోదాములా ఉంది. నిబంధన కాపాడదలచిన అందాన్ని నిబంధనే పాడుచేసింది.

కనుక, "పని ఆపించండి" అని రాసే ముందు, ఆగిన పనిలో ఎవరు తడుస్తారో కూడా ఆలోచించమని శాసనాల పిచ్చి గారికి మనవి. కోటగుమ్మం యజమాని భయానికి కారణం అజ్ఞానం కాదు. ఆయన మాలాంటివాళ్ల సంగతి విని ఉంటారు.

శాసనాల పిచ్చి:

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. పని ఆపించమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. లోతును చూసి కాలం చెప్పినందుకు మాస్టారికి కూడా క్షమాపణ.

నా పిచ్చి ఎక్కడ మొదలైందో చెబితే నా తొందర మీకు అర్థమవుతుంది. మా మేనత్తగారింట్లో పెరట్లో దొడ్డి తవ్వుతుండగా చిన్న ముంతలో పదిహేను దాకా రాగినాణేలు దొరికాయి. ఆమె మంచి మనసుతో వాటిని చింతపండూ ఉప్పూ వేసి ఇత్తడి బిందెను తోమినట్టు తోమి, నాకు చూపించడానికి తళతళా మెరిసేలా ఉంచింది. వాటి మీద అక్షరం అన్నది లేకుండా పోయింది. రాత పచ్చని చిలుములో ఉండిపోయింది కాబోలు, చింతపండు రెండింటినీ కలిపి తీసేసింది. ఆ ముంత ఎక్కడిదో, ఎంత లోతున ఉందో, పక్కన ఏముందో కూడా అప్పుడు ఎవరూ చూడలేదు. ఆ పదిహేను రాగిబిళ్లలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, వాటిని ఏ కాలానివనీ చెప్పలేను.

అదే నందంపూడి రాగిరేకులు చూడండి. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చిన శాసనం అది, రచించినవాడు నన్నయభట్టు. ఊరు ఇప్పటికీ కోనసీమలో అదే పేరుతో ఉంది. ఎవరో ఒకరు ఆ రేకులను కరగబెట్టి చెంబు చేయించుకోకుండా దాచినందువల్లనే, నన్నయ గారు శాసనం కూడా రాశారని మనకు తెలిసింది.

కోటగుమ్మం కుర్రాడు:

పునాది గారు చెప్పినట్టే యజమానిని రెండు గంటలు అడిగాను. "ఆపమనవు కదా?" అని మూడుసార్లు అడిగి ఒప్పుకున్నారు. ఎల్లుండి ఉదయం ఆరు గంటలకు దిగుతాను. నాకు ఏమీ తెలియదు. ఏమేమి తీసుకువెళ్లాలో, ఏమి చేయకూడదో చెప్పండి.

గట్టుమీద మాస్టారు:

నాయనా, నువ్వు ఏమీ తీయడానికి వెళ్లడం లేదు, చూసి రాసుకోవడానికి వెళ్తున్నావు. ఇది మనసులో ఉంచుకుంటే మిగిలినవి సులువు.

ఒక కొలత టేపు, నోటుపుస్తకం, పెన్సిలు, పాలిథిన్ కవర్లు, తాపీ, నీళ్ల సీసా తీసుకువెళ్లు. ముందు రోడ్డు మట్టాన్ని సున్నాగా పెట్టుకో. లోతులన్నీ అక్కడినుంచే రాయాలి. పక్కమట్టిని తాపీతో నెమ్మదిగా గీకి, నీళ్లు చిలకరిస్తే పొరల రంగులు విడివిడిగా కనిపిస్తాయి. అప్పుడు టేపు నిలువుగా వేలాడదీసి, అది కనబడేలా ఫొటోలు తియ్యి. ఒకటి దూరం నుంచి, పక్కింటి గోడ లాంటి గుర్తు కనిపించేలా ఉండాలి. ఆ తరువాత చేత్తో బొమ్మ గియ్యి. ఫొటో అన్నిటినీ సమానంగా చూపిస్తుంది. గీసేటప్పుడు, ఏ పొర దేన్ని కోసిందో కన్ను తేల్చుకోక తప్పదు.

పక్కమట్టిలో నాటుకుని ఉన్న పెంకును పీకవద్దు. రాలి కింద పడినవి మాత్రం, ఏ మూలన పడ్డాయో చీటీ రాసి దానితోపాటు కవరులో వెయ్యి. చీటీ పెన్సిలుతోనే రాయి, తడికి సిరా కరిగిపోతుంది. నాణెం కనబడితే నీళ్లతో కూడా కడగవద్దు, చింతపండు సంగతి సరేసరి. తరువాత ఆ కవర్లతో, బొమ్మతో గోదావరి గట్టుమీది రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి వెళ్దాం, నేనూ వస్తాను. ఆ మ్యూజియానికి పేరిచ్చిన పెద్దలూ, 1922లో ఈ ఊరిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టిన భావరాజు వేంకటకృష్ణారావు గారూ, చిలుకూరి వీరభద్రరావు గారూ చరిత్రను కేవలం జీతం కోసం చేసినవారు కారు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయని అదే సంవత్సరం సంచిక తీసుకువచ్చారు. వాళ్ల చేతిలో నీకున్న ఫోన్ కూడా లేదు.

ఇంకొకటి చేయి. యజమానిని ఆ స్థలం పాత దస్తావేజు అడిగి హద్దులు చదువు. మన పాత క్రయపత్రాల్లో "తూర్పు ఫలానా వారి పెరటి గోడ, దక్షిణం ఉమ్మడి నుయ్యి" అని ఉంటుంది. పట్టణం మీద ఉన్న అతి పెద్ద పురావస్తు పటం సబ్‌రిజిస్ట్రారు కచేరీలో ఉంది, దాన్ని ఆ దృష్టితో తెరిచేవారే తక్కువ.

పునాది:

పెద్ద విషయం ఒకటి అడగాలి. ఇది ఒక కుర్రాడి ఉత్సాహం మీద ఒక గోతికి జరిగింది. 2027 పుష్కరాలకు ఘాట్లు, మురుగుకాలువలు, రోడ్ల కింద పైపులు అంటూ నదీతీరమంతా తవ్వుతారు. పాత ఊరు ఉన్నదే ఆ ఒడ్డున. 2003లోనూ, 2015లోనూ తవ్వినప్పుడు ఏమి కనిపించిందో నేను రాతలో ఎక్కడా చూడలేదు. మిగతా దేశాల్లో దీనికి పద్ధతి ఏమిటి?

గట్టుమీద మాస్టారు:

లండన్‌లో 1989లో ఒక కార్యాలయ భవనానికి తవ్వుతుంటే షేక్స్‌పియర్ కాలపు రోజ్ నాటకశాల పునాదులు బయటపడి పెద్ద గొడవ అయింది. ఆ మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం కట్టడానికి అనుమతి అడిగే దశలోనే భూమి కింద ఏముందో పరిశీలించాలనీ, అవసరమైతే తవ్వి నమోదు చేయించే ఖర్చును కట్టేవారే భరించాలనీ మార్గదర్శకం ఇచ్చింది. అంటే యంత్రం దిగాక ఆపడం కాదు, దిగకముందే చూడటం. ఏథెన్సులో మెట్రో తవ్వినప్పుడు దొరికిన వాటిని సింటాగ్మా స్టేషనులోనే అద్దం వెనుక పెట్టారు. రైలు ఎక్కేవాడు రోజూ వాటిని చూస్తూ వెళ్తాడు.

మనకు అంత దూరం పోనక్కరలేదు. నాగార్జునసాగరం కింద మునగబోయే లోయను 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వి, నమోదు చేసి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి ఎక్కించారు. శ్రీశైలం జలాశయం కింద మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి అంకె వేసి విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆనకట్ట ఆగలేదు, ఆలయమూ పోలేదు. ఒక లోయ మునిగితే అంత చేయగలిగిన మనం, కాలువ తవ్వే చోట ఒక మనిషిని నిలబెట్టలేమా?

పునాది:

నిలబెట్టవచ్చు, కానీ "మనిషిని నిలబెట్టండి" అని చెబితే జరగదు. టెండరు షరతుల్లో రాయాలి. పాత ఊరి హద్దుల్లో నాలుగడుగులకు మించి తవ్వే ప్రభుత్వ పనికి, తవ్విన పక్కమట్టిని ఫొటో తీసి, లోతులు రాసి, మ్యూజియానికి ఒక ప్రతి ఇవ్వాలని ఒక్క అంశం చేర్చితే చాలు. అది అంచనాలో ఒక వరుస, దానికి ఇంత మొత్తం. బిల్లు ఆ కాగితం లేకుండా పాస్ కాదంటే కాంట్రాక్టరు తానే గుర్తుచేసి మరీ తీయిస్తాడు. సొంత ఇళ్ల విషయంలో మాత్రం మొదట భయం పోగొట్టాలి. "చెబితే పని ఆగదు" అని రాతలో ఉంటే తప్ప ఎవరూ చెప్పరు. మండువా లోగిలి గారి అర్జీ రెండేళ్లు తిరిగినంత కాలం ఆ భయం పోదు.

మండువా లోగిలి:

అర్జీకి ఇన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టేననీ ఒక్క వాక్యం చేర్చించండి. మా మండువా మీద రేకులు నేనే తీయిస్తాను.

లంకవాసి:

మాస్టారూ, గేదె మేతకు వెళ్లాక కొలిచాను. పొడవు 48, వెడల్పు 24, మందం 8 సెంటీమీటర్లు. నాలుగింటిలో ఒకదాని మీద తడిమట్టిలో తొక్కిన కుక్క పాదం ముద్ర ఉంది. ఇన్నేళ్లూ పేడ కింద ఉండి కనిపించలేదు. ఆ ఒక్కదాన్ని తీసి గోడకు ఆనించాను.

కోటగుమ్మం కుర్రాడు:

ఈ ఉదయం దిగాను. పునాది గారు చెప్పిన ఆరడుగుల దూరం ఫొటోలకు సరిపోయింది. గీకడానికి మాత్రం మేస్త్రీ కర్రలు ఆనించి పక్కమట్టిని నిలబెట్టాక దగ్గరికి వెళ్లాను.

మాస్టారు చెప్పినట్టు నీళ్లు చిలకరించేసరికి మట్టి చీర అంచులా విడిపోయింది. నూతి గుంత అంచు పైకి దాదాపు మూడడుగుల లోతు దాకా వచ్చింది, దాన్ని కప్పిన పొరలో మంగళూరు పెంకు ముక్కలూ, నీలిపువ్వుల పింగాణీ పెచ్చు ఒకటీ ఉన్నాయి. యజమాని వాళ్ల అమ్మగారు ట్రంకుపెట్టెలోంచి స్వాతంత్ర్యానికి ముందటి దస్తావేజు తీసి ఇచ్చారు. "ఉత్తరం ఉమ్మడి నుయ్యి, అందులో సగం హక్కు" అని స్పష్టంగా ఉంది. ఆమెకు తన అత్తగారు ఆ నూతి నీళ్లతోనే పప్పు ఉడికేదని చెప్పడం కూడా గుర్తుంది. కాబట్టి శాతవాహనులు కాదు, మా వీధివాళ్లే.

అయితే ఒక చిక్కు మిగిలింది. పైన ఉన్న మూడు ఒరలు ఎర్రగా, బొటనవేలు మందాన ఉన్నాయి. కింది రెండూ అంతకు రెట్టింపు మందంగా, నల్లటి మట్టితో ఉన్నాయి, వాటి నడిబొడ్డు కూడా పైవాటికి జానెడు పక్కకు ఉంది. వాటి చుట్టూ ఉన్న పొరలో పెంకు లేదు, పింగాణీ లేదు, సున్నం లేదు. ఎర్ర పూత ఉన్న మూకుడు అంచు ఒకటి రాలిపడితే చీటీ రాసి కవరులో వేశాను.

శాసనాల పిచ్చి:

పాత నుయ్యి పూడిపోతే దాని మీదనే కొత్త నుయ్యి దింపి ఉంటారా? కాలం చెప్పను, అడుగుతున్నానంతే.

గట్టుమీద మాస్టారు:

అలా జరగవచ్చు. నీరు తగిలిన చోటును వెతుక్కుంటూ మళ్లీ అక్కడే దిగడం మామూలే. మూకుడు అంచు చూడకుండా నేనూ ఏమీ చెప్పను. ఆ కింది ఒరల్లో ఒక్కదాని ముక్కైనా బయటికి తీయడానికి వీలవుతుందా?

కోటగుమ్మం కుర్రాడు:

ఎనిమిదింటికి యంత్రం వచ్చింది. కింది ఒరలు గోతి అడుగులోకి దిగి ఉన్నాయి కనుక వాటిని కదపలేదు, వాటి మీద ఇసుక పోసి పైన కాంక్రీటు వేస్తున్నారు. అవి అక్కడే ఉంటాయి. ఎక్కడ ఉన్నాయో రెండు గోడల నుంచి కొలిచి బొమ్మలో గుర్తుపెట్టాను. పై ఒరల్లో ఒకటి పగలకుండా వచ్చింది. యజమాని దాన్ని మెట్ల పక్కన పెట్టి మల్లెతీగ వేస్తానన్నారు. నేను మాత్రం లోపలి వైపు సుద్దతో తేదీ, లోతు రాసి ఫొటో తీశాను. ఆదివారం పది గంటలకు మ్యూజియం దగ్గర కలుద్దాం మాస్టారూ, కవర్లు ఏడు ఉన్నాయి.